రాట్నం అంచున బరువు

చిలుకమ్మకు పక్షవాతం వచ్చిన రోజు నుంచి మగ్గం మీది జంపఖానా సగంలోనే ఆగిపోయి ఉంది. ఎర్ర పట్టీ ముగిసి తెల్ల పట్టీ మొదలైన చోట నూలు అలాగే వేలాడుతోంది.

నేతగాళ్లుండే కొత్తవాడలోని ఆ ఇంటికి ఒక పద్ధతి ఉంది. జంపఖానా ఎవరు రాట్నం మీద చుట్టిన నూలు కండెలతో మొదలైతే వాళ్ల కండెలతోనే ముగియాలి. నూలు పట్టే బిగువు మనిషికీ మనిషికీ మారుతుందనీ, ఆ తేడా నేతలో అడ్డగీతలా బయటపడుతుందనీ చిలుకమ్మ భర్త పెట్టిన పద్ధతి అది. ఆయన పోయి ఏళ్లు గడిచినా కొడుకు సుదర్శన్ దాన్ని తప్పలేదు. ఇప్పుడు చిలుకమ్మ కండెలతో మొదలైన ఆ సగం నేతను కోసి తీయడానికి అతనికి మనసు రాలేదు. వేరేవాళ్ల కండెలతో ముగించడానికి ధైర్యం చాలలేదు. పక్క మగ్గం మీద మరో పని పెట్టుకుని, ఆ వైపు చూడకుండా నేసుకుంటున్నాడు.

దవాఖాన నుంచి వచ్చాక చిలుకమ్మ కాలు నెమ్మదిగా దారికొచ్చింది గానీ కుడి చెయ్యి సగమే వచ్చింది. ఎడమ చేత్తో నూలు పట్టగలదు. కుడి చేత్తో రాట్నం తిప్పబోతే, పిడిని కింది నుంచి పైకి ఎత్తే దగ్గర చెయ్యి నీరసించి ఆగిపోతుంది. సైకిల్ రిమ్ముతో చేసిన తేలికపాటి చక్రం అది. చెయ్యి ఆగితే తానూ ఆగుతుంది. నూలు వదులై కండె మీద ముద్దగా పడుతుంది.

"నేను తిప్పుత అవ్వా, నువ్వు నూలు పట్టు," అన్నాడు సుదర్శన్ ఒక పొద్దున.

"నీ ఊపు వేరు, నా ఊపు వేరు. నా కండె నేనే చుట్టుకుంట."

"గట్లయితే జంపఖానా దించుదమా మరి?"

"దించు. దించి, నన్ను గూడ దాని పక్కనే మూలకు పెట్టు."

సుదర్శన్ తన మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. వంటింట్లో టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న అతని భార్య స్నేహలత ఆ మాట విని, మూత పెట్టబోతున్న చెయ్యి ఆపింది.

స్నేహలత హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఏనాడూ రాట్నం ముందు కూర్చోలేదు. 'చదువుకున్న చేతులు నీయి' అని అత్త ఎప్పుడూ పక్కకు తప్పించేది. అది గౌరవమో, దూరం పెట్టడమో స్నేహలతకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజంతా ఆమె చక్రం గురించే ఆలోచించింది. చెయ్యి నీరసించే చోటు దాటేదాకా చక్రం తనంతట తాను తిరిగితే చాలు. తనంతట తాను తిరగాలంటే అంచున బరువుండాలి. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఆ వారం చెబుతున్న పాఠమే అది.

ఆదివారం స్కూటర్ మెకానిక్ దగ్గర్నుంచి పెద్ద పెద్ద నట్లు తెచ్చింది. వాటిని చక్రం పుల్లలకు, రిమ్ము అంచు దగ్గర, బైండింగ్ వైరుతో బిగించింది. ఎదురెదురుగా సమానమైన బరువులు. చక్రం ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తోందని, ఒక పక్కకు ఒరగడం లేదని రెండుసార్లు చూసుకుంది. పిడి పట్టి ఒక్క తోపు తోస్తే చక్రం చాలాసేపు మెత్తగా తిరిగింది.

"గింత ఇనుప సామాను దేనికి బిడ్డా?" మంచం మీద నుంచి అడిగింది చిలుకమ్మ.

"నీ చెయ్యి ఆగినా చక్రం ఆగదు అత్తమ్మా. ఒక్కసారి ఊపందుకుంటే చాలు."

"ఊపందుకుంటె," అంది చిలుకమ్మ. "సరే తీ, రేపు చూద్దాం."

అప్పుడే ఒకసారి తిప్పి చూడమని అడగవలసింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పైగా, పనిచేస్తుందా అన్న అనుమానమే స్నేహలతకు రాలేదు.

మర్నాడు క్లాసులో బోర్డు మీద రెండు చక్రాలు గీసింది. "రెండింటి ద్రవ్యరాశీ ఒక్కటే. దీనికి బరువంతా అంచున ఉంది, దానికి నడుమ ఉంది. అంచున ఉన్నదాని జడత్వ భ్రామకం ఎక్కువ. అంటే దాని తిరుగుడును మార్చడం కష్టం."

"మార్చడమంటే తిప్పుడా మేడం, ఆపుడా?" వెనక బెంచీ నుంచి భానుచందర్ అడిగాడు.

"రెండూ."

"రెండూ అంటే నాలుగు మార్కులకు రాయాల్నా, రెండు మార్కులకా?"

క్లాసంతా నవ్వింది. స్నేహలత కూడా నవ్వి, బోర్డు వైపు తిరిగి సూత్రం రాసింది. పాఠం ముగిసి స్టాఫ్ రూముకు వచ్చేసరికి పక్కింటి సమ్మమ్మ ఫోను.

"ఫికర్ చెయ్యకు గని, మీ అత్త చెయ్యి వాసింది. జర జల్ది రా."

ఇంటికి వెళ్లేసరికి చిలుకమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కుడి చేతికి తడిగుడ్డ చుట్టి ఉంది. రాట్నం మీద ఒక చెద్దరు కప్పి ఉంది. సుదర్శన్ నూలు కోసం సొసైటీకి వెళ్లి ఇంకా రాలేదు.

"మొదాలు కదలనే కదల్లేదట," అంది సమ్మమ్మ. "లేచి నిలబడి, నడుము ఒంచి గుంజింది. కదిలినంక ఆగలే. నూలు తెగిందని ఆపబోతే పిడి తిరిగొచ్చి చేతి ఏళ్ల మీద కొట్టింది. నేనురికొచ్చి చెద్దరేసి ఆపిన. గా చక్రం మీ అత్తకంటె మొండిది."

"నీ లెక్క మంచిదే బిడ్డా," అంది చిలుకమ్మ. "చక్రం మంచిగనె తిరిగింది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే స్నేహలత తల ఎత్తలేకపోయింది. 'రెండూ' అని పొద్దున తానే చెప్పింది. ఏ బరువు ఆగనివ్వదో, ఆ బరువే కదలనివ్వదు. ఆదివారం ఆ చక్రాన్ని తోసింది తన చెయ్యి, నిలువరించింది తన చెయ్యి. ఆ రెంటికీ కావలసిన బలం తన దగ్గర ఉంది గనుక అది లెక్కలోకే రాలేదు.

సాయంత్రం కటింగ్ ప్లయరు తెచ్చి ఒక్కొక్క వైరూ కత్తిరించింది. నట్లు నేల మీద పడుతుంటే చిలుకమ్మ గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

వాపు తగ్గింది. చిలుకమ్మ మాత్రం మళ్లీ రాట్నం ఊసెత్తలేదు. పిలిస్తే పలికేది, పెడితే తినేది. ఒకరోజు పొద్దున్నే సుదర్శన్ కత్తెర పట్టుకుని ఆ మగ్గం దగ్గరికి వెళ్లాడు.

"ఇగ దించుత అవ్వా. ఎన్నొద్దులని గిట్ల చూసుకుంట కూసుంటం."

చిలుకమ్మ కళ్లు మూసుకుంది. స్నేహలత చేస్తున్న పని వదిలి వచ్చి రాట్నం పిడి దగ్గర చతికిలబడింది. కండెకు చుట్టవలసిన నూలు చిలప అత్త ఎడమ చేతి వైపు జరిపింది.

"నాకు తిప్పడం రాదు అత్తమ్మా. ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో నువ్వే చెప్పాలె."

చిలుకమ్మ కళ్లు తెరిచింది. "ఆగుమంటె ఆగుతవా?"

"ఆగుత."

"నడుమ ఫోనొచ్చిందని లేస్తవా?"

"లేవను."

చిలుకమ్మ మంచం దిగి, గోడ పట్టుకుంటూ వచ్చి కూర్చుంది. ఎడమ చేతి వేళ్ల మధ్యకు నూలు తీసుకుంది. సుదర్శన్ కత్తెర పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"తిప్పు. గంత ఉరుకుడెందుకు, బస్సు పోతాందా? జర మెల్లగ. ఆఁ. ఆగు."

స్నేహలత ఆగింది. తేలిక చక్రం ఆమె చేతితోపాటే ఆగింది. చిలుకమ్మ నూలును ఒకసారి వేళ్లతో తడిమి, "తిప్పు" అంది. మొదటి కండె రెండుసార్లు విప్పి మళ్లీ చుట్టవలసి వచ్చింది. రెండోది కొంచెం నయం. పొద్దెక్కేసరికి మాటలు తగ్గాయి. అత్త భుజం కదలికను చూసి కోడలు పిడి తిప్పుతోంది.

సుదర్శన్ కత్తెర గూట్లో పెట్టి, కండెను అడ్డనూలు నడిపే నాడెలో వేసి తెల్ల పట్టీ మీద కొంత నేశాడు. దువ్వి, అరచేత్తో రుద్ది చూశాడు. ఆగిన చోటు దగ్గర సన్నని గీత పడింది.

"ఎరుకైతాంది అవ్వా," అన్నాడు.

చిలుకమ్మ లేచి వెళ్లి ఆ గీత మీద కుడి చేతి వేళ్లు ఉంచింది. అవి ఇంకా సరిగా చాచుకోవు.

"ఎరుకగానియ్యి," అంది. "ఇద్దరం చుట్టినం. నువ్వు నెయ్యి."