జవాబు రాని మాటలు

మంగళవారం, గురువారం పొద్దున ఎనిమిదింటికల్లా హూ టీచర్ స్కూటర్ మీద కొండెక్కి బడికి వచ్చేది. ఒక గంటసేపు ఆ కొండజాతివాళ్ళ బునూన్ భాషలో లెక్కలు చెప్పేది. మిగతా పాఠాలన్నీ చైనీసులోనే. పెద్దలు దయతలచి ఇచ్చిన ఆ ఒక్క గంటకూ చివరికి మిగిలిన పిల్ల ఒక్కతే, ఎనిమిదేళ్ళ లిన్ మెయ్‌హుయ్. ఆ పిల్లేమో నోరు విప్పదు.

ఆ కొండ మీద జవాబు రాని మాట పొగలా గాల్లో నిలిచిపోతుంది. దగ్గరికెళితే మళ్ళీ వినిపిస్తుంది. ఎవరిని అడిగారో వాళ్ళు బదులిస్తేనే కరుగుతుంది. మూడు నెలలుగా టీచర్ అడిగినవన్నీ పైకప్పు కింద వేలాడుతున్నాయి.

"కాస్త తక్కువ మాట్లాడు టీచరమ్మా," అని విసుక్కున్నాడు గదులూడ్చే తియాంగ్ తాత. "కిటికీలు తీసినా పోవట్లేదు. నా నడుం పడిపోతోంది."

ఆమె నవ్వింది. ఇంట్లోనైతే ఊడ్చేవాళ్ళూ లేరు. నాలుగేళ్ళ కింద భర్త పోయాక కూడా అలవాటుకొద్దీ "తిన్నావా?" అని అడిగినవన్నీ వంటింట్లో గిన్నెల మీద పేరుకున్నాయి. వాటి మధ్యే కూర్చుని తింటుంది. అన్నం సహించదు.

ఆ గురువారం విద్యాశాఖ నుంచి ఆఫీసరమ్మ వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. పిల్ల ఇవాళ కూడా పలక్కపోతే మందబుద్ధి అని రాసి, నాయనమ్మ దగ్గర్నుంచి తీసుకెళ్ళి పట్నంలో హాస్టల్లో వేస్తారు.

పిల్ల ఆలస్యంగా, రొప్పుతూ వచ్చింది.

"మెయ్‌హుయ్, ఏడు కొర్రకంకుల్లో మూడింటిని పిట్టలు తినేస్తే ఎన్ని మిగులుతాయి?"

ప్రశ్న పైకి లేచి మిగతావాటిలో కలిసింది. ఆఫీసరమ్మ పెన్ను తీసింది.

అంతలో తలుపు సందులోంచి ఇంకో పొగతునక దూరింది. పిల్ల బదులివ్వకుండా పరుగెత్తిందని నాయనమ్మ కేక నాలుగు మలుపులు తిరిగి వెంటబడి వచ్చింది.

"వాలిస్! చిలగడదుంప తినకుండా ఎక్కడికే?"

"తింటాలే, వస్తున్నా," అనేసింది టీచర్. ఆమె అసలు బునూన్ పేరు వాలిస్. భర్త పోయాక ఆ పేరుతో పిలిచిన నోరు లేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

పొగ మాత్రం కదల్లేదు. పిల్ల కిసుక్కున నవ్వింది.

"నిన్ను కాదు! మా నాయనమ్మ నన్ను పిలిచింది! నా పేరూ వాలిసే!"

టీచర్ తల బాదుకుంది. కొండ మీద ఎవరైనా కొత్త పిల్లను ముందు అడిగేది ఇంట్లో పిలిచే పేరే. తనేమో హాజరుపట్టీలో చైనీసు పేరు చూసి మూడు నెలలుగా ఎవరినో పిలుస్తూ కూర్చుంది. పైగా బునూన్‌లలో ఒకే పేరున్నవాళ్ళు చుట్టాలకంటే ఎక్కువ. పేరుతో పిలుచుకోరు, ఒకరినొకరు 'ఆలా' అంటారు.

"ఆలా," అంది టీచర్ గొంతు సవరించుకుని. "కంకులెన్ని?"

"నాలుగు, ఆలా. కాపలా లేకపోతే అవీ మిగలవు."

పిల్ల బల్లెక్కి ఒక్కో పొగ దగ్గరా చెవి పెట్టింది. "పన్నెండు. తొమ్మిది. మాకు మేకల్లేవు." అన్నకొద్దీ పొగ కరిగిపోతోంది. ఆఫీసరమ్మకు బునూన్ రాదు. గది తేటపడటం మాత్రం కళ్ళారా చూసింది. రాయబోయిన కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

మూలన ఒక్కటి మిగిలింది. బడికి ఎవరూ రాని ఒక వానరోజు టీచర్ అడిగిన మాట అది. "దాన్ని వదిలెయ్ ఆలా, అది లెక్క కాదు," అని టీచర్ సిగ్గుపడి అడ్డం వెళ్ళింది. పిల్ల అప్పటికే వినేసింది.

నాతో మాట్లాడేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?

"నేనున్నాగా," అంది పిల్ల.