ఎర్రబడని చేతులు

కళ్యాణి పరిశోధనంతా ఒక రసాయనపు చుక్కలో ఉంది. చర్మంలో దురద, వాపు పుట్టించే హిస్టమిన్ గ్రాహకాలను తట్టి లేపడమే ఆ రసాయనం పని. తడితే ఆ చోటు ఎర్రబడి దద్దురు లేవాలి. మంటను పుట్టించగలిగితేనే మంటను అర్థం చేసుకోగలమని ఆమె నమ్మకం. హైదరాబాదులో తన చేతిమీద అది చక్కగా లేచింది. ఏటా మిరపకోతల్లో దురదతో బాధపడే చేతులమీద ఎంత లేస్తుందో చూడాలని ములకలపల్లి దగ్గరున్న తమ తండానే ఎంచుకుంది. ఇక్కడ తేలకపోతే ఈ పని ఆపేద్దామని గైడు జయప్రకాశ్ ముందే చెప్పి, వెంట వచ్చాడు.

బడి వరండాలో తండా అంతా తలంట్లు పోసుకుని, ఉతికిన బట్టల్లో కూర్చుంది. కళ్యాణి అందరి ముంజేతులమీదా చుక్క వేసి సూదితో గుచ్చింది. పావుగంట ఆగి, వరసగా చూసుకుంటూ వచ్చింది. వరస చివరికి వస్తున్నా చూసినవన్నీ నున్నగా ఉన్నాయి.

"మందు చచ్చిందమ్మా," అన్నాడు జయప్రకాశ్, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

కళ్యాణి తల్లి రూప్లి ముసిముసిగా నవ్వింది. "చూసిన్రా సారూ, మా చేతులెంత సాఫ్‌గున్నయో. మీరొస్తున్నరని పొద్దుగాల్నే దురద గోలీలు మింగినం. మా బిడ్డ పరువు పోవద్దు గదా."

గోలీ పడితే చుక్క పనిచేయదని, వారం ముందు నుంచి మానమని కళ్యాణి చెప్పింది. మానారు కూడా. కానీ చుట్టాలొచ్చే పొద్దున ఇల్లు అలకనిదెవరు?

"అందరూ మింగిన్రా, యాడీ?" అని తల్లిని అడిగింది.

"మీ బాపుకే గోలీ సాలలే. ఉన్నది పక్కింటి దస్రుకిచ్చిండు."

వరస చివర తండ్రి హీరాలాల్ చేతిమీద తువ్వాల కప్పుకుని కూర్చున్నాడు.

"బాపూ, చెయ్యి చూపియ్యి."

"వద్దు బిడ్డా. ఇంతమందిల నాదొక్కటే ఖరాబైంది."

తువ్వాల తీసింది. రూపాయి బిళ్లంత దద్దురు, చుట్టూ ఎరుపు. మందు బతికే ఉంది. కన్నతండ్రి చెయ్యి వాచినందుకు ఇంతగా పొంగిపోయిన తనను చూసి కళ్యాణికే సిగ్గేసింది; అయినా ఆ చెయ్యి వదల్లేదు.

"గోలీలు మానిపించి మళ్లీ వద్దాం," అంటూ జయప్రకాశ్ స్కేలు తీసి దద్దురు కొలవసాగాడు.

హీరాలాల్ ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"సారూ, జర చిన్నగ రాసుకోండ్రి."