ఇవాబుచి గారి తెలుపు

ఏటా తొలిమంచుకు ముందు కినుయో తమ ఊరి సరస్సు బొమ్మ వేయడానికి కూర్చుందంటే చాలు, ఊళ్లోవాళ్లంతా ముల్లంగి పచ్చడి జాడీలు పట్టుకుని ఆమె గుమ్మంలో వాలిపోయేవాళ్లు.

"మా ఇంటి కప్పు మీద మంచు కాస్త తగ్గించమ్మా, ఈ నడుముతో పార పట్టలేను."

"మా అల్లుడింటి మీద మాత్రం దండిగా పడెయ్. వాడి ఒళ్లు వంగాలి."

కినుయో తాత చెక్క మీద అచ్చులు చెక్కినవాడు. ఆమె కుంచెతో వేసినా పద్ధతి ఆ పాత అచ్చు బొమ్మలదే. ఒడ్డుకొచ్చేసరికి పలచబడిపోయే ముదురు నీలం నీళ్లు, నల్లటి పైన్ చెట్లు, మంచు ఉండవలసిన చోట ఏ రంగూ పూయని ఉత్త కాగితం. ఎక్కడ ఎంత కాగితం వదిలితే ఆ చలికాలం అక్కడ అంత మంచు పడేది. ఆల్చిప్పల పొడితో చేసిన తెల్ల రంగు ఆమె దగ్గర ఓ గిన్నెడు ఉండేది గానీ, అది నీళ్ల మీద హంసను వేయడానికే. ఒక్క హంసను వేసేది, ఏటా ఒక్క హంసే వచ్చేది.

ఆ ఏడు ఇవాబుచి గారు పచ్చడి లేకుండా వచ్చాడు. ఆయన ఊరి పెద్ద, ఒడ్డున కొత్తగా లేచిన వేడినీటి బుగ్గల హోటలు ఆయనదే. దాని పక్కనే షిగెనో పిన్ని గుడిసె. ఆవిడ ఆరబెట్టే చిరుచేపల వాసనకు హోటలు అతిథులు ముక్కులు మూసుకునేవాళ్లు.

"ఆ ముసలిది గుడిసె అమ్మనంటోంది. దాని మీద నిలువెత్తు మంచు వదులు. పాత కప్పు, దానంతటదే కూలుతుంది. పాపం ఎవరికీ అంటదు" అన్నాడు.

"లోపల మనిషుంటుంది కదండీ."

"ముందే ఖాళీ చేయిస్తాంలే."

"నా కుంచె ఆ పని చెయ్యదు" అంది కినుయో. ఒళ్లు మండి, ఆ గుడిసె కప్పునంతా ఎండుగడ్డి రంగుతో నింపేసింది, ఒక్క రేకు మంచు కూడా వాలకుండా. కిటికీలో పసుపు దీపం కూడా పెట్టింది.

బొమ్మను సభామందిరంలో వేలాడదీశాక అందరి ముందూ హంసను వేయడం ఆచారం. వేసిన గీతను దిద్దడం మాత్రం లేదు. కినుయో కుంచె ముంచబోతుంటే ఇవాబుచి గారు గిన్నె లాక్కున్నాడు.

"నువ్వు వెయ్యకపోతే నాకు చేతుల్లేవా?" అంటూ గుడిసె మీద తెలుపు మెత్తసాగాడు.

అంత తెలుపు ఎవరూ ఎన్నడూ వాడలేదు, ఏం ముంచుకొస్తుందో కినుయోకూ తెలియదు. అడ్డం పడబోతుంటే షిగెనో పిన్ని చెయ్యి పట్టుకుని ఆపింది.

"పుయ్యనీవే. ఏం పడినా నా నెత్తినేగా? తోసుకుంటాను." ఆయన వైపు తిరిగింది. "అయ్యా, ఆ మూల వదిలేశారు. అక్కడా పుయ్యండి."

ఆయన రోషంగా ఆ మూల కూడా పూశాడు.

మంచు పడింది. అల్లుడింటి మీద దండిగా, నడుము నొప్పి మనిషి కప్పు మీద పలచగా, గుడిసె మీద అసలు పడలేదు. ఓ పొద్దున ఆకాశం నుంచి హంసలు దిగాయి. కప్పు నిండా, పెరటి నిండా, చేపల తాళ్ల కింద, ఆ మూలన కూడా. ఎవరూ వింతపడలేదు. పిన్నికి ఆ ఏడు పారతో పని లేకపోయింది, చీపురు మాత్రం అరిగిపోయింది.

హోటలు అతిథులు స్నానాలు మానేసి గుడిసె ముందు చేరారు, కాల్చిన చిరుచేపలు లొట్టలేసుకుంటూ తిన్నారు. హంస దిగిన చోట గడ్డిపోచ కూడా కదపకూడదని ఊరి కట్టుబాటు. హంసను చూడవచ్చే అతిథుల కోసం ఆ కట్టుబాటు పెట్టించింది ఇవాబుచి గారే.

మంచు కరిగింది. హంసలు కదల్లేదు.

ఇవాబుచి గారు పచ్చడి జాడీ పట్టుకుని కినుయో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ తెలుపు కాస్త గీకెయ్యమ్మా."

"ఒకరు వేసింది నేను దిద్దనండీ" అంది కినుయో. "అయినా మీ చెయ్యి మంచిది. బాగా పట్టింది."

జాడీ మాత్రం పుచ్చుకుంది.