వరసలో చెప్పులు

ఆదిశేషమ్మ చెప్పులు విప్పి డాక్టరమ్మ గది ముందు వరసలో పెట్టింది. అప్పటికే అక్కడ ఒక గోనెసంచి, మూత లేని నీళ్ళ సీసా, ఎవరిదో తువ్వాలు మనుషుల బదులు కాచుకుని ఉన్నాయి. మనుషులు గేటు బయట టీ తాగుతున్నారు. ఆమె ఎడమ చెప్పు పట్టీ తెగితే పైవార్డులో ఉన్న గంగులయ్య ఆకుపచ్చ వలదారంతో కట్టి ఇచ్చాడు. ఆ ముడి దూరం నుంచే కనిపిస్తుంది.

వట్టికాళ్ళతో మెట్లెక్కి, బక్కెట్లో ఫినాయిలు కలిపి వార్డు తుడవసాగింది. నల్లటి, పొడుగాటి మనిషి. ఒకసారి వంగితే మళ్ళీ నిలబడడానికి కిటికీ ఊచ పట్టుకోవాలి. కంట్రాక్టువాళ్ళిచ్చిన నీలం చీర, చేతులు తుడుచుకునే చోట వెలిసిపోయింది.

గంగులయ్య మంచం మీద కూర్చుని కాలు తిప్పి చూసుకుంటున్నాడు. పులికాట్ సరస్సులో జెల్లచేప ముల్లు గుచ్చుకుని, కాలు కుండలా వాచి వచ్చినవాడు. ఇప్పుడు వాపు పోయింది, పుండు ఎండింది. ఇక ఇంటికి పొమ్మని డాక్టరు రాయాలి. ఉన్న డాక్టరు రేవతి గారొక్కరే. రెండో డాక్టరు బదిలీ అయ్యాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. కింద వచ్చిపోయేవాళ్ళను చూసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆపైన కాన్పులు, రోడ్డు మీద దెబ్బలు. మెట్లెక్కి పైకి రావడానికి ఆమెకు పొద్దు చాలదు. అందుకే జబ్బు తగ్గినవాళ్ళు మంచాలు వదల్లేకపోతున్నారు, కొత్తగా జబ్బుపడినవాళ్ళు నేలమీద చాపలు పరుచుకుంటున్నారు.

"రేపు తెల్లారితే మా ఇంటి వంతక్కా," అన్నాడు గంగులయ్య. "వల వేసేదానికి ఈ ఏడు చీటీల్లో మంచి తావు పడింది. నేను లేకపోతే వంతు పక్కోడికి పోతది."

"లెయ్."

"యాడికి?"

"ఆయమ్మ పైకి రాలేకపోతే మనమే కిందికి పోదాం."

నర్సు అడ్డం వచ్చింది. "వార్డులోవాళ్ళని ఆ వరసలోకి తీసుకుపోబాక. నీ ఉద్యోగం మీదికొస్తాది. రొంత ఓపిక పట్టు."

ఓపిక అనే మాట ఆదిశేషమ్మకు గిట్టదు. ఆమె పెనిమిటి కామాక్షయ్య ముత్తుకూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ బూడిద మోసే లారీల మీద పనిచేసేవాడు. కడుపునొప్పితో ఇట్లాంటి ఆసుపత్రిలోనే చేరాడు. నొప్పి తగ్గింది. ఇంటికి పొమ్మనే డాక్టరు కోసం చూస్తుండగానే పక్క మంచం జ్వరం అతనికి అంటుకుంది. ఆ జ్వరంతోనే పోయాడు. అప్పుడూ అందరూ ఓపిక పట్టమనే చెప్పారు.

గంగులయ్య ఆమె భుజం పట్టుకుని మెట్లు దిగాడు.

"ఏందమ్మా, మంచాలుండేవాళ్ళు కూడా మా వరసలోకేనా?" అంది ఆ చెప్పుల వెనకాల నిలబడిన ఒకావిడ.

"మంచం కావాలంటే నువ్వెళ్ళి పడుకోమ్మే. ఈయనకి వద్దంట. నా చెప్పులు చూడు, తెల్లారకముందే పెట్టినా."

వరసలో నవ్వులు లేచాయి. ఆవిడ కూడా నవ్వి జరిగింది.

రేవతి గారి బల్ల మీద కాఫీ మీగడ కట్టి ఉంది. ఆమె కాలు నొక్కి చూసింది. "తగ్గిపోయిందే. ఇంకా ఎందుకున్నాడు?"

"మీరు పైకి రాలేదు గదమ్మా."

"నాకుండేది రెండు కాళ్ళే, ఆదిశేషమ్మా."

"అందుకే ఆయన కాళ్ళు తీసుకొచ్చినా."

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, తల వంచుకుని రాసింది. గంగులయ్య మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కంట్రాక్టు సూపర్వైజరు మధుబాబు వచ్చాడు. "ఎవరినడిగి కిందికి తెచ్చినావు? తప్పయిందని కాయితం రాయిస్తా, వేలిముద్ర వెయ్యి. లేకపోతే రేపట్నించి రాబాక."

"తప్పు కాందానికి నా వేలెందుకిస్తా అబ్బయ్యా?"

ఆమె మిగిలిన సగం వార్డు తుడిచింది. బక్కెట్టు కడిగి బోర్లించింది. జ్వరం తగ్గిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న బిందు దగ్గర ఆగింది.

"రేపు పొద్దున నా చెప్పులు వరసలో ముందుంటాయి. బిడ్డనెత్తుకోని వాటి వెనకాల నిలబడు. నీ తర్వాత తగ్గినోళ్ళందరూ. ఎవరన్నా అడిగితే ఆదిశేషమ్మ పెట్టిందని చెప్పు."

"మరి నువ్వెట్లా పోతావక్కా?"

"రోడ్డుకి నా కాళ్ళు కొత్తా ఏంది?"

సాయంత్రం డాక్టరు గది ముందు ఎవరూ లేరు. ఆదిశేషమ్మ చెప్పుల దుమ్ము చీర చెంగుతో తుడిచి, తలుపుకు ఎదురుగా జతగా పెట్టింది. ఎండకు ఇంకా కాగుతున్న తారు మీద అడుగు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.

కాసేపటికి వసారా ఊడ్చే మనిషి చీపురుతో వచ్చింది. ఆకుపచ్చ ముడి చూసి చీపురు పైకెత్తి, చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది. శుభ్రమైన గచ్చు మీద, వరసకు ముందు, ఆ చెప్పులు డాక్టరు గది తలుపు వైపు తిరిగి ఉన్నాయి.