వెనక సీటు, ఎడమ పక్క

తెనాలిలో కారుకి పాటలు పెట్టించాలంటే నా దగ్గరికే వస్తారు. గొప్ప చెప్పుకోవడం కాదు, ఊళ్లో అందరూ అనే మాటే. నా పేరు అబ్దుల్ షుకూర్. ఏ స్పీకరు ఎందుకు గరగరలాడుతుందో చెవి పెడితే చెప్పేస్తాను. అలాంటి నన్ను 2005లో ఒక పాత అంబాసిడర్ మూడు చెరువుల నీళ్లు తాగించింది.

బండి బాలకృష్ణది. నిజాంపట్నంలో చేపల వ్యాపారం. సీడీ సెట్టూ, వెనక రెండు స్పీకర్లూ నా చేత్తోనే బిగించాను. నెల తిరక్కుండా వచ్చి, "పాట మధ్యలో ఆగిపోతంది సాయిబు గారూ" అన్నాడు. నా పద్ధతి ఒకటే. బండిలో ఉన్నవాళ్లందర్నీ దింపేసి, తాళం తీసుకుని, ఒక్కణ్ణే ఊరంతా తిప్పుకొస్తాను. పక్కన జనం ఉంటే నాకు చెవి పనిచెయ్యదు. పాట ఆగలేదు. రెండోసారి వచ్చినా అంతే. సెట్టు కూడా మార్చి పంపాను.

మూడోసారి వాళ్లమ్మ పోలమ్మ కూడా షాపుకొచ్చింది. కాకపోతే వాడు కార్లో, ఆవిడ రేపల్లె దాకా బస్సులో, అక్కణ్ణించి రైల్లో. బీపీ డాక్టరుకి చూపించుకోవాలట. స్టేషన్ నుంచి నడిచొచ్చి, ఆయాసపడుతూ బల్ల మీద కూలబడింది.

"ఒకే ఇంట్లోంచి బయల్దేరి, ఇదేంటయ్యా?" అన్నాను.

వాడు నన్ను పక్కకి లాగి గొంతు తగ్గించాడు. "అమ్మ ఎక్కితేనే పాట ఆగిపోద్దండి. మొదట్లో నవ్వుకున్నాం. నాన్న పోయినకాణ్ణించి అమ్మ ఎదురొస్తేనే మావాళ్లకి పడదు, దానికి తోడు ఇదొకటి. ఆదివారం బాపట్లలో మా పెద్దమ్మాయి నిశ్చితార్థం. అమ్మని ఇంటికాడే ఉండమన్నాం."

నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీదా, నా మీదా. ఎవరెక్కితే ఆగుతుందో అడక్కుండా, అందర్నీ దింపేసి వెతికిన తెలివి నాది మరి!

సెట్టులో పాట పెట్టి, "ఎక్కమ్మా" అన్నాను.

"వద్దు నాయనా. పాట ఆగిపోద్ది."

"ఆగాలనే ఎక్కమంటున్నా."

ఆవిడ బెదురుతూ వెనక సీట్లో ఎడమ పక్క కూర్చుంది. ఎప్పుడూ అక్కడేనట. పాట ఠక్కున ఆగింది. పోలమ్మ మొహం మాడిపోయింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది. పిలిస్తే పలికే లోపమైతే సగం పని అయిపోయినట్టే.

"దిగమ్మా" అన్నాను. పాట మళ్లీ వచ్చింది. "బాలకృష్ణా, ఇప్పుడు నువ్వెక్కు. అక్కడే."

వాడు కూర్చున్నాడు. పాట ఆగింది.

"నువ్వెవరికి ఎదురొచ్చావురా?" అన్నాను. ఇన్నాళ్లూ వాడు స్టీరింగు దగ్గర, పెళ్లాం ముందు సీట్లో. వెనక ఎక్కే ఆడపిల్లలిద్దరూ బక్కప్రాణులు, వాళ్ల బరువుకి ఏ స్ప్రింగూ కిందికి దిగదు.

సీటు ఎత్తేశాను. స్పీకరు తీగ సరిగ్గా స్ప్రింగు కిందుగా పోయింది. స్ప్రింగు ఒత్తీ ఒత్తీ తొడుగు తెగి, రాగి బయటపడింది. ఆ రాగి బండి రేకుకి తగిలినప్పుడల్లా సెట్టు నోరు మూసుకుంటోంది. ఆ తీగ లాగింది నేనే. అంచు వెంట తిప్పాల్సింది, తొందరలో అడ్డంగా లాగేశాను. టేపు చుట్టేసి, ఎలకలు కొరికాయంటే అడిగేవాడు లేడు. ఇరవై ఏళ్ల పేరు నాది. కానీ బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ పెద్దావిణ్ణి చూశాక మనసొప్పలేదు.

"తప్పు నాదమ్మా. తీగ వెయ్యడం చేతకానట్టు వేశాను. నీ వల్ల ఏదీ ఆగలేదు" అని పక్క షాపులవాళ్లకి కూడా వినబడేట్టు చెప్పాను.

అరగంటలో కొత్త తీగ వేసి, తల్లీకొడుకులిద్దర్నీ వెనక కూర్చోబెట్టి, వెతికి వెతికి గుంతల్లో తిప్పాను. పాట ఆగితే ఒట్టు.

షాపు ముందు దిగాక బాలకృష్ణ నీళ్లు నమిలాడు. "ఆదివారం నువ్వూ కార్లోనే రా అమ్మా. అంతా తీగ వల్లంట కదా."

"పాటని ఆపింది తీగేరా" అంది పోలమ్మ. "నన్ను ఆపింది తీగ కాదుగా."

వాడు నడిరోడ్డు మీద ఏడ్చేశాడు. ఆవిడ చీర చెంగు దోపుకుని, ముందు తలుపు తానే తీసుకుని ఎక్కింది.

"ఆదివారం నేనిక్కడే కూచుంటా. నీ పెళ్లాన్ని వెనక్కెళ్లమను" అంది. "ఇంక తోలు."