లో యన్ చచ్చిపోయిన రోజు

గుడ్డు అంటిన పళ్లేలను వరసగా మెషిన్‌లో నిలబెట్టి, అది తిరుగుతున్న కాసేపట్లో హాన్ తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుని ఫోన్ తీశాడు. వేడినీళ్లకు నాని బొటనవేళ్లు ముడతలు పడ్డాయి. ఆ వేళ్లను ఫోన్ ఒక పట్టాన గుర్తించదు. చైనాలో అర్ధరాత్రిలోగా ఇవాళ్టి భాగం పంపాలి. అక్కడ అర్ధరాత్రంటే, కెనడాలోని రెజైనాలో ఈ యూనివర్సిటీ క్యాంటీన్‌కి టిఫిన్ల రద్దీ తగ్గే వేళ.

రోజుకో భాగం చొప్పున ఏళ్ల తరబడి సాగుతున్న ఆన్‌లైన్ సీరియల్ అది. కత్తి మీద నిలబడి ఆకాశంలో ఎగిరే వీరుడు లో యన్ కథ. హాన్ జుట్టు పలచబడింది గానీ, లో యన్‌కి ఒక్క వెంట్రుకా నెరవలేదు. చదివేవాళ్లు ఉన్నంతకాలం ముగించకూడదని ఒప్పందం. కథా, ‘తెల్లకొంగ’ అన్న కలంపేరూ కంపెనీవే. దేశం దాటితే పీడ వదులుతుందనుకుని, నలభై దాటాక స్టడీ పర్మిట్ మీద వచ్చి కుర్రకారు పక్కన క్లాసులో కూర్చున్నాడు. పీడ ఫోన్‌లో కూర్చుని వెంటే వచ్చింది. కాలేజీ ఫీజు కట్టేది కూడా లో యనే మరి!

అతనికి రాయాలని ఉన్నది వేరే. తమ ఊళ్లో బట్టలమిల్లు మూతపడ్డాక మిగిలిన మనుషుల గురించి, ఎగరడం తెలియనివాళ్ల గురించి, ఒక చిన్న నవల. దానికి తీరిక ఏదీ? పేరు పోతే పోనీ, లో యన్ పోతే తను బయటపడతాడు.

పక్కన గ్లాసులు సర్దే వాసవిది హనుమకొండ. రోజూ ఆ కథ అతని నోట వింటుంది. ఆమె ఇంగ్లీషులోనూ ఆ ఊరి యాసే.

“ఇయ్యాల లో యన్‌కి ఏమైంది అంకుల్?”

“నిద్రపోయాడు.”

“గంతేనా?”

“మళ్లీ లేవడు. ఇప్పుడే పంపించాను.”

వాసవి కళ్లు నిండాయి. “జర ముంగట చెప్తే ఏమాయె అంకుల్? ఆఖరిసారి చూస్కుందును గదా!”

హాన్‌కి సిగ్గేసింది. ఆ వెనకే పట్టరాని సంతోషం కలిగింది. మధ్యాహ్నమంతా మూకుళ్లు తోముతూ మిల్లు నవలకి మొదటి వాక్యం వెతుక్కున్నాడు. దొరికింది కూడా.

సాయంత్రానికి చైనాలో తెల్లవారింది. ఏప్రన్ విప్పుతుంటే ఎడిటర్ నుంచి మెసేజ్ వచ్చింది. ఒప్పందం రద్దయింది, ఇక మీరు శ్రమపడనక్కర్లేదు అని. సీరియల్ తెరిస్తే, తెల్లకొంగ పేరుతోనే కొత్త భాగం. లో యన్ కళ్లు తెరిచాడు. కింద పాఠకులు పండగ చేసుకుంటున్నారు. తెల్లకొంగ ఇంత బాగా రాసి ఎన్నాళ్లయిందో అంటున్నారు.

“ఎవలు రాసిన్రు ఇది?” అంది వాసవి.

“తెల్లకొంగ” అన్నాడు హాన్. మధ్యాహ్నం దొరికిన వాక్యం ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

ఆమె చదవమంటే చదివి చెప్పసాగాడు. లో యన్ మంచం దిగాడు, కత్తి ఎక్కాడు, కిటికీలోంచి ఎగిరిపోయాడు. అక్కడ హాన్ ఆగిపోయాడు. పొద్దున తను రాసిన భాగంలో, పడుకోబోయే ముందు లో యన్ చెప్పులు విప్పుకున్నాడు. కొత్తవాడు అది చూసుకోలేదు. వీరుడు వట్టికాళ్లతో మబ్బుల్లోకి వెళ్లిపోయాడు. గడప పక్కన, జతగా, మడమ అరిగిన ఆ గుడ్డ చెప్పులు అలాగే ఉన్నాయి.