ఊరు దాటని గింజలు

అడిగీ అడగకముందే చెయ్యెత్తడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. 2003లో కదిరిలో కన్యస్త్రీల బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు ఆ జబ్బే నా కొంప ముంచింది. ఈస్టరుకు ముందు నలభై రోజులు తాము ఉపవాసాలుంటామనీ, అలా మిగిలింది బీదలకు పెడతామనీ సిస్టర్ ఫిలొమినా చెప్పారు. గుమ్మఘట్ట దగ్గర ఒక ఊళ్ళో జనం పస్తులున్నారట. ఎవరేం తెస్తారని అడిగితే టౌను పిల్లలు కిలో బియ్యం, రెండు కిలోలు అంటున్నారు. నేను చెయ్యెత్తి, "గోతాం రాగులు, సిస్టర్!" అన్నాను.

మా ఊరు తనకల్లు పక్కన. ఇంట్లో గోతాం ఉంది గానీ అందులో రాగులు లేవు.

ఆదివారం పొద్దున్నే స్నేహితురాలు సువర్ణ నెత్తిన గంప పెట్టి ఇల్లిల్లూ బయల్దేరాను. మొదటి ఇల్లు మా వీధిలోని చిన్నక్కది. "ఆకలిగొన్నోళ్లకు పిడికెడు గింజలు పెట్టక్కా" అన్నాను. చిన్నక్క నన్ను చూసింది, ఆకాశం చూసింది, లోపలికి పోయింది. వచ్చి రెండు దోసిళ్ల రాగులు గంపలో పోసి, బిందెడు నీళ్లు నా నెత్తిన గుమ్మరించింది.

నాకు ఊపిరాడలేదు. ట్యాంకరు వస్తే ఇంటికి నాలుగు బిందెలే. అందులో ఒకటి నా మీద పోసిందేమిటి? రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంటికి వచ్చేసరికి వెనకాల పిల్లలు "వానదేవుడా!" అని కేకలు పెడుతున్నారు. అప్పుడు తెలిసింది. కరువొస్తే పిల్లలు గింజలడుక్కోవడం, వాళ్ల మీద నీళ్లు పోయడం, ఆ గింజలు వండుకుని ఊరంతా తినడం మా ఆచారం. బడి ధ్యాసలో అది నాకు తట్టనే లేదు. ఇది వాన కోసం కాదని చెప్పాల్సింది. కానీ గంప నిండుతోంది. నోరు మూసుకున్నాను.

తిరిగొచ్చేసరికి మా అవ్వ గంగక్క వీధిలో మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించింది.

"అవ్వా, ఇవి బడికి! బీదోళ్లకిస్తామని మాటిచ్చినా."

"వానకెత్తిన గింజలు ఊరు దాటితే వానా దాటిపోతాది. ఎవురే ఆ బీదోళ్లు?"

"తిండి లేనోళ్లంట. గుమ్మఘట్ట కాడ ఉండారంట."

"చిన్నక్క ఇంట్లో పొయ్యి ముట్టించి రెండు దినాలాయె. ఆయమ్మ పెట్టినవి ఇంట్లో ఆఖరి గింజలు. చెప్పు పాపా, యాడికి మోసుకపోతావు?"

అవ్వ మీద కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆడవాళ్లు రాగులు తిరగలిలో విసిరి సంగటి కెలికారు. చిన్నక్క తినే తట్ట పట్టుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

సోమవారం ఖాళీ గోతాం మడిచి పట్టుకుని సిస్టర్ ముందు నిలబడ్డాను. ఒక్క అబద్ధం కూడా తట్టక జరిగిందంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. మా ఊరి పేరు మళ్లీ అడిగారు, అంతే.

ఈస్టరు ఇంకో వారం ఉందనగా బడి వ్యాను మా వీధిలో ఆగింది. మా క్లాసు పిల్లలే బియ్యం మూటలు దించారు. నేను వాళ్లతో కలిసి మోయాలో, మా అవ్వ వెనకాల వరుసలో నిలబడాలో తెలియక మధ్యలో ఉండిపోయాను.

"మరి గుమ్మఘట్ట, సిస్టర్?"

"ఉన్నది ఒక్క ఊరికే సరిపోయిందమ్మా. వాళ్లకు వచ్చే ఏడు చూద్దాం."

"వాన రాకున్నా బియ్యమొచ్చె! గింజలు ఊరు దాటనీలేదు గదా, అందుకే!" అని అవ్వ ఒకటే సంబరం.

ఆ పూట మా ఇంట్లో తెల్లన్నం. గుమ్మఘట్ట దగ్గరి ఆ ఊరి పేరైనా నాకు తెలియదు. వాళ్ల నోటికి అందాల్సిన కూడు నా నోటి వల్ల మాకొచ్చింది. మంచి చేశానో, పాపం చేశానో ఎవరినడగాలో తెలియలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా అన్నం కమ్మగా ఉంది. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.